ఎలుగు ఫోటో వేసినప్పుడు అది ఎలా తీశారో కూడా వేయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని మిన్నెసోటా నల్ల ఎలుగుల మీద వేసిన పేజీ చూశాను. ఫోటోలు బాగున్నాయి, వాటితో నాకు పేచీ లేదు. పైన్ చెట్టు కొమ్మ మీద బోర్లా పడుకుని నాలుగు కాళ్లూ కిందికి వేలాడేసిన పిల్ల ఎలుగు బొమ్మనైతే మా ఆవిడ ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టేసుకుంది. నా గొడవంతా పైన పెట్టిన హెడ్డింగుతోనూ, కింద వేసిన రెండు లైన్లతోనూ. అడవిలో ఎలుగుల మధ్యకి నిర్భయంగా వెళ్లి తీసిన చిత్రాలట. చదివినవాళ్లకి ఏమనిపిస్తుంది? ఎవరో కెమెరా భుజాన వేసుకుని అడవిలోకి నడిచి వెళ్లాడు, ఎలుగు ఎదురైంది, గుండె దిటవు చేసుకుని క్లిక్‌మనిపించాడు, అది కూడా బుద్ధిగా పోజిచ్చి పోయింది, అనే కదా. ఆ ఫోటోలు అలా రావు. నేను మినియాపోలిస్ పక్కనే ఉంటాను, మీరు వేసిన ఆ చోటు మాకు కారులో దాదాపు నాలుగు గంటల దారి, వేసవిలో నేనూ కెమెరాతో వెళ్తుంటాను, కాబట్టి తెలిసి చెప్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర మీ పేపరు ఒక్కటి వస్తే పది మంది చదువుతారు. వాళ్లకి ఎలుగంటే ఆదివారం రంగుల పేజీ కాదు సార్, తెల్లవారుజామున జీడితోటకి ఒంటరిగా వెళ్లాలా వద్దా అన్న టెన్షన్.

ముందు ఆ చోటు సంగతి చెప్తాను, ఎందుకంటే మీ పేజీలో దాని పేరు తప్ప ఇంకేమీ లేదు. విన్స్ షూట్ వైల్డ్‌లైఫ్ శాంక్చువరీ అంటారు. మిన్నెసోటా రాష్ట్రానికి పైకొసన, కెనడా సరిహద్దుకి దగ్గర్లో, పెలికన్ లేక్ ఒడ్డున ఓర్ అనే చిన్న ఊరు ఉంది, అక్కడి నుంచి పడమరగా అడవిలోకి పోతే వస్తుంది. ఈ విన్స్ షూట్ జంతుప్రేమికుడిగా మొదలైన మనిషేమీ కాదు. చెట్లు కొట్టించే పని ఆయనది, అడవిలో కలప క్యాంపు ఉండేది. వంట వాసన పట్టుకుని ఎలుగులు వచ్చి తలుపులు విరగ్గొట్టి లోపల ఉన్నదంతా తినేసేవి. ఆ కాలంలో ఆ అడవిలో ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు, తుపాకీ తీసి కాల్చేవాడు. అలా ఏళ్ల తరబడి కాల్చాక ఆయనకి అర్థమైంది, ఇవి మన మీద పగబట్టి రావట్లేదు, ఆకలికి వస్తున్నాయి అని. అప్పటి నుంచి తనే వాటికి తిండి పడేయడం మొదలుపెట్టాడు, తలుపులు విరగడం ఆగింది. ఆ తర్వాత కథ మనకి తెలియనిది కాదు, ఫలానా చోట ఎలుగులు దగ్గరికొస్తున్నాయట అన్న మాట పాకింది, జనం కార్లేసుకుని రావడం మొదలైంది, ఆయనకేమో వయసు మీద పడింది. 1995లో అమెరికన్ బేర్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడి ఆ స్థలాన్ని చేతిలోకి తీసుకుంది. 2000లో ఆయన చనిపోయారు.

ఇప్పుడు అక్కడ ఎలుగుల్ని చూడాలంటే పద్ధతి ఒకటుంది. కారు పార్కింగ్‌లోనే వదిలేయాలి. అక్కడి నుంచి వాళ్ల బస్సులోనే లోపలికి వెళ్లాలి. దిగగానే చెక్కతో కట్టిన పెద్ద డెక్ ఎక్కాలి, నేల నుంచి ఎత్తుగా, మన జొన్నచేలో మంచెలాగా, కాకపోతే చాలామంది పట్టేంత పెద్దది. అక్కడున్నంతసేపూ ఆ డెక్ మీదే ఉండాలి. తినే వస్తువు ఏదీ పైకి తీసుకెళ్లకూడదు, పిల్లాడి జేబులో చాక్లెట్ కూడా కుదరదు. కింద నేల మీద తిరిగేది శిక్షణ ఉన్న వాలంటీర్లు మాత్రమే. వాళ్లు చెట్ల మధ్య అక్కడక్కడా గింజలు, పప్పులు, పండ్లు పెడతారు. ఎలుగులు అడవిలోంచి వస్తాయి, తింటాయి, పోట్లాడుకుంటాయి, పోతాయి. వాటిని కట్టేసే గొలుసు లేదు, ఆపే కంచె లేదు, ఆ మేరకు అవి నిజంగా అడవి ఎలుగులే. కానీ అవి అక్కడికి వచ్చేది అక్కడ తిండి ఉంటుందని. మీ పేజీలో లేని ముక్క ఇదే. డెక్, తిండి, వాలంటీర్లు, ఈ మూడూ తీసేస్తే మిగిలేది కట్టుకథ.

అయితే దీన్నంతా చూసి ఆ ఫోటోలు తేలిగ్గా వస్తాయనుకునేరు, అదీ కాదు. మీ వ్యాసంలో ధైర్యం గురించి రాసిన జాగాలో పనితనం గురించి రాసి ఉంటే నేనే మెచ్చుకుంటూ ఉత్తరం రాసేవాణ్ని. నల్ల ఎలుగుని ఫోటో తీయడం ఎందుకు కష్టమంటే అది నల్లగా ఉంటుంది కాబట్టి, నవ్వకండి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఏం చేస్తుందంటే ఎదురుగా ఏమున్నా దాన్ని బూడిద రంగు స్థాయికి తీసుకురావాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా నల్లటి బొచ్చు ఉంటే, అబ్బో చీకటిగా ఉందే అనుకుని వెలుతురు పెంచేస్తుంది, దాంతో ఎలుగు వెలిసిపోయిన గొంగళిలా కనిపిస్తుంది, వెనకాల ఆకులు తెల్లగా మండిపోతాయి. మనమే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి పెట్టుకోవాలి. మరీ తగ్గిస్తే ముఖం మొత్తం ఒకే నల్ల ముద్ద, కన్నెక్కడుందో ముక్కెక్కడుందో తెలియదు. ఆ రెండిటి మధ్య ఉన్న సందు చాలా చిన్నది. అందుకే తెలిసినవాళ్లు మామూలు జేపెగ్ ఫైలుగా కాకుండా, కెమెరా పట్టిన వివరాలన్నీ ఉంచే రా (RAW) ఫైలుగా తీస్తారు, తర్వాత నీడల్లోంచి బొచ్చు పోగుల్ని కొంచెం బయటికి లాగొచ్చని. ఎండ బాగా కాసే సాయంత్రం కంటే మబ్బు పట్టిన సాయంత్రమే మేలు. వాన వెలిసిన వెంటనే అయితే బొచ్చు మీద తడి మెరుపు ఉంటుంది, ఆకుల పచ్చ ముదురుగా ఉంటుంది, అలాంటప్పుడు డెక్ మీద ఫోటోగ్రాఫర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కూడా.

కన్ను ఇంకో తలనొప్పి. అంత పెద్ద తలలో ఎలుగు కన్ను చిన్నది, గోధుమ రంగులో ఉంటుంది, అందులో ఒక చుక్క వెలుగు పడకపోతే ఫోటోలో ప్రాణం ఉండదు. అది తల ఎత్తి ఆకాశం వైపు చూసే దాకా కాచుకోవాలి. అది తింటున్నంతసేపూ తల ఎత్తదు. ఫ్లాష్ ఊసే వద్దు.

పెద్ద లెన్సు కోసం అప్పులు చేయాల్సిన పని కూడా లేదు, అవి ఒక్కోసారి డెక్ పక్కకే వస్తాయి కాబట్టి మామూలు 100-400 జూమ్ సరిపోతుంది, 70-200తో కూడా మంచివి తీసేవాళ్లున్నారు. ట్రైపాడ్ పెట్టుకున్నవాళ్లకి ఇంకో చిక్కు, పక్కన ఎవరో పిల్లాడు డెక్ మీద పరుగెత్తాడంటే చెక్కలన్నీ అదురుతాయి, షట్టర్ నెమ్మదిగా ఉంటే ఆ అదురు ఫోటోలోకి వచ్చేస్తుంది. వాళ్లమ్మ వైపు మనం ఎంత గుర్రుగా చూసినా ప్రయోజనం లేదు.

డెక్ వల్ల వచ్చే అసలు ఇబ్బంది కోణం. మనం పైన, ఎలుగు కింద, దాంతో ఎప్పుడూ వీపూ నెత్తీ కనిపించే ఫోటోలే వస్తాయి. జంతువు కంటి ఎత్తులోకి మనం వెళ్తేనే ఫోటో బాగుంటుందని ఫోటోగ్రఫీ నేర్పే ప్రతి ఒక్కరూ చెప్తారు, ఇక్కడ మనం కిందికి దిగడానికి లేదు. దానికి విరుగుడు పిల్లలే చూపిస్తాయి. పెద్ద మగ ఎలుగు ఏదైనా వస్తోందని వాసన తగిలితే తల్లి చిన్నగా ఒక శబ్దం చేస్తుంది, అంతే, పిల్లలు బరబరా చెట్టెక్కేస్తాయి. అలా ఎక్కి కొమ్మ మీద సర్దుకున్న పిల్ల సరిగ్గా డెక్ మీద నిలబడ్డ మన కంటి ఎత్తుకి వస్తుంది. మీరు వేసిన ఆ కొమ్మ మీది పిల్ల ఫోటో అలా వచ్చిందే అని నా అంచనా. అది నిద్రపోతున్నట్టు ముద్దుగా కనిపిస్తుంది నిజమే, ఎంతో కొంత నిద్రపోతుంది కూడా, కానీ అది పైకెక్కింది మాత్రం భయపడి. జనవరిలో గుహలో పుట్టినప్పుడు మన అరచేతిలో పట్టేంత ఉంటుంది, తల్లితో ఒక ఏడాదిన్నర దాకా తిరుగుతుంది, ఆ కాలమంతా దానికి చెట్టే దిక్కు.

మీ పేజీలో మూడో ఫోటో, నోరు తెరిచి కోరలు చూపిస్తున్నది, దాని కింద ఆగ్రహంతో గర్జిస్తున్న ఎలుగు అని రాశారు. నాకైతే అది ఆవలింతలాగే ఉంది. నల్ల ఎలుగుకి కోపమో భయమో వస్తే పళ్లు టకటకలాడిస్తుంది, బుస్సుమని గాలి వదులుతుంది, పంజాతో నేలని చరుస్తుంది, రెండు అంగలు ముందుకు ఉరికి ఆగిపోతుంది, సినిమాలోలాగా నిలబడి గర్జించడం దాని పద్ధతి కాదు. ఆ మాటకొస్తే అమెరికాలో గేమ్ ఫారాలని ఉన్నాయి, పెంచిన ఎలుగుల్నీ తోడేళ్లనీ గంటల లెక్కన ఫోటోగ్రాఫర్లకి అద్దెకిస్తారు, తిండి ఆశ చూపించి నోరు తెరిపిస్తారు. క్యాలెండర్ల మీద కనిపించే కోరల ఫోటోల్లో చాలావాటి వెనక సంగతి అదే. మీరు వేసినవి అలాంటివి అనట్లేదు. కానీ ఫోటో ఎక్కడిదో, ఎలా వచ్చిందో రాసే అలవాటు పేపర్లకి లేకపోతే పాఠకుడికి తేడా తెలిసేదెలా?

మీరు రాయనిది ఇంకొకటి ఉంది, అది రాస్తే పేజీ అంత ఆహ్లాదంగా ఉండదని వదిలేశారేమో. మిన్నెసోటాలో ఎలుగుల వేట చట్టబద్ధం. సెప్టెంబరు మొదట్లో సీజన్ మొదలవుతుంది, ఎర పెట్టి కాల్చడానికి కూడా అనుమతి ఉంది. శాంక్చువరీ గీత లోపల వేట లేదు. ఎలుగుకి ఆ గీత ఎక్కడుందో తెలియదు. ఆగస్టులో మీరు డెక్ మీద నుంచి ముచ్చటపడి ఫోటో తీసిన మగ ఎలుగు, చలికాలం నిద్రకి ముందు ఒళ్లు పెంచుకోవాలని మైళ్లకి మైళ్లు తిరుగుతుంది, తిరుగుతూ ఎవరో పెట్టిన ఎర దగ్గరికి పోవచ్చు. ఇలా మనుషులు పెట్టే తిండికి అలవాటు చేయడం వాటికి మంచిదా చెడ్డదా అన్న వాదన అక్కడ చాలాకాలంగా నడుస్తోంది, రాష్ట్ర ప్రభుత్వపు వన్యప్రాణి శాఖ జనానికి ఎప్పుడూ చెప్పేది ఎలుగులకి తిండి పెట్టకండి, పక్షులకి వేసే గింజలు కూడా ఎండాకాలం లోపల పెట్టుకోండి అనే. నన్నడిగితే ఆ శాంక్చువరీ ఉండటమే మంచిది, అక్కడ తిండి పెట్టడం నిన్న మొన్న పర్యాటకుల కోసం మొదలైంది కాదు, దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఆ ఎలుగులు చుట్టుపక్కల ఇళ్ల మీద పడతాయి, పైగా అక్కడ చూసి వచ్చిన జనంలో తుపాకీ ఆలోచన తగ్గుతుంది. కానీ అది ఒక ప్రత్యేకమైన చోట, ప్రత్యేకమైన చరిత్ర వల్ల నడుస్తున్న ఏర్పాటు. దాన్ని చూసి ఎలుగులంటే ఇంతే, మనం ప్రేమగా ఉంటే అవీ ప్రేమగా ఉంటాయి అని మీ వ్యాసంలో చివర రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గరే నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ ఎలుగు వేరు, మన ఎలుగు వేరు. రంగు ఒకటే, తీరు పూర్తిగా వేరు. అమెరికా నల్ల ఎలుగు దట్టమైన అడవి జంతువు, దానికి భయమేస్తే మొదటి ఆలోచన పారిపోవడం, లేదంటే చెట్టెక్కడం. ఉత్తర అమెరికా మొత్తం మీద 1900 నుంచి 2009 దాకా, అంటే నూటపదేళ్లలో, అడవి నల్ల ఎలుగుల చేతిలో చనిపోయినవాళ్లు 63 మంది అని పరిశోధకులు లెక్క తేల్చారు. మన గుడ్డెలుగు అలా కాదు. అది పులులతో కలిసి బతికిన జాతి, పైగా చెట్టెక్కితే చిరుతపులి కూడా ఎక్కగలదు, కాబట్టి పారిపోవడం కంటే తిరగబడటమే దానికి అలవాటైంది. పిల్లల్ని కూడా చెట్టెక్కించకుండా వీపు మీద మోసుకు తిరుగుతుంది. చెదపుట్ట తవ్వుకుంటూ తల లోపల పెట్టిందంటే మనం పక్కకి వచ్చే దాకా దానికి వినపడదు, కనపడదు, వచ్చాక ఉలిక్కిపడి ముఖం మీదికి వస్తుంది. పుట్టల్ని తవ్వే ఆ పొడుగాటి గోళ్లు మనిషి ముఖానికి తగిలితే ఏమవుతుందో మా వైపు ఆసుపత్రుల్లో అడగండి.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, ఇంకొందరు గాయపడ్డారు, చివరికి దాన్ని మత్తిచ్చి పట్టుకుంటే అదీ బతకలేదు. జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో ఉద్దానం తోటల్లోకి ఎలుగులు రావడం కొత్త కాదు. కొండల మీద వాటికి తిండీ నీళ్లూ తగ్గాయి, తోటలు ఊళ్లకి ఆనుకుని ఉన్నాయి, మరి ఎక్కడికి పోతాయి. వచ్చినప్పుడల్లా నాకు మా ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియోలొస్తాయి. ముందు ఎలుగు పరుగెత్తుతుంటుంది, వెనకాల బైకుల మీద కుర్రాళ్లు, కేకలు, ఈలలు, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేతిలో ఫోను. మర్నాడు ఆ వీడియోలోంచి తీసిన ఫోటోయే పేపర్ల జిల్లా పేజీల్లో ఉంటుంది, టీవీలో అదే తిరుగుతూ ఉంటుంది, కింద ఎలుగు హల్‌చల్ అని. హల్‌చల్ చేసేది ఎవరండీ అక్కడ? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, ఎర వేయడం కూడా దాని కిందికే వస్తాయి, మన ఎలుగు ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. అంటే ఆ వీడియో తీసినవాడు తన నేరానికి తానే సాక్ష్యం తీసి పేపరుకి పంపిస్తున్నాడు, మనం దానికి పాఠకుడు పంపిన చిత్రం అని పేరేసి వేస్తున్నాం.

ఎలుగుని చూడాలని, ఫోటో తీయాలని కుర్రాళ్లకి ఉండే సరదాని నేను తప్పు పట్టను, నాకున్నదీ అదే సరదా. దానికి అమెరికా దాకా రావాల్సిన అవసరం కూడా లేదు. హంపి దగ్గర దరోజీలో ఎలుగుల కోసమే 1994లో ఏర్పాటైన శాంక్చువరీ ఉంది, బళ్లారి నుంచి దగ్గర, మన అనంతపురం వాళ్లకి ఒక పూట ప్రయాణం. అక్కడ కూడా పద్ధతి ఇలాంటిదే, ఎదురుగుట్ట మీది బండలకి అటవీ సిబ్బంది బెల్లం పాకంలాంటిది పూస్తారు, మధ్యాహ్నం దాటాక ఎలుగులు దిగి వచ్చి నాకుతాయి, చూసేవాళ్లు దూరంగా వాచ్‌టవర్ మీద ఉంటారు. అక్కడ దూరం ఎక్కువ కాబట్టి పొడుగు లెన్సు కావాలి, వేడిగాలికి బొమ్మ కాస్త వణుకుతుంది, మిన్నెసోటా డెక్ మీద వచ్చినంత స్పష్టంగా రాదు. అయినా సరే అక్కడ తీసినది మన ఎలుగు. మీ ఆదివారం పేజీకి తర్వాతి సబ్జెక్టు అదే ఎందుకు కాకూడదు? వేసేటప్పుడు పాకం సంగతి కూడా వేయండి.

ఈ సంవత్సరం వేసవిలో పిల్లల దగ్గరికి మినియాపోలిస్ వచ్చే అమ్మానాన్నలు చాలామందే ఉంటారు, మీ పేజీ చూసి ఓర్ వెళ్దామని పిల్లల్ని అడుగుతారు కూడా. తప్పకుండా వెళ్లండి. వేసవి నెలల్లో సాయంత్రం కొన్ని గంటలే తెరుస్తారు, రోజులూ వేళలూ ముందే చూసుకుని బయల్దేరండి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది కాబట్టి ఫోటోలకి కంగారు లేదు, దోమలు మాత్రం మన గోదావరి దోమల్ని మరిపిస్తాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. అడవిలో బెర్రీలు బాగా కాసిన ఏడాది ఎలుగులు తక్కువ వస్తాయి, డబ్బులు దండగని తిట్టుకోకండి, వాటికి అది మంచి ఏడాది.

మిమ్మల్ని అడిగేవి రెండే. ఆ పేజీ ఆన్‌లైన్‌లో ఇంకా ఉంది, ఫోటోల కింద ఇవి డెక్ మీద నుంచి, తిండి పెట్టే చోట తీసినవి అని ఒక్క లైను కలపండి, గర్జన అన్న మాట తీసేయండి. రెండోది మీ శ్రీకాకుళం ఎడిషన్‌కి. తోటల్లోకి ఎలుగు వచ్చినప్పుడు తరిమే వీడియోల్లోంచి ఫోటోలు వేయడం మానేసి, అదే జాగాలో ఒక బాక్సు కట్టండి: స్థానిక అటవీ శాఖ రేంజ్ ఆఫీసు ఫోన్ నంబరు, గుంపుగా వెంటపడొద్దని, అది పోవడానికి ఒక వైపు దారి వదలమని, చీకటి వేళ తోటకి వెళ్తే ఒంటరిగా వెళ్లొద్దని, మాట్లాడుకుంటూ చప్పుడు చేసుకుంటూ నడవమని. పెద్ద అక్షరాల్లో వేస్తే టీ కొట్టువాళ్లు గోడకి అంటించుకుంటారు. మ్యాటర్ రాసి పంపమంటే పంపిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. పనసపళ్లు పండే లోపు వేస్తే బాగుంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఉద్దానం వాసి
ప్రస్తుతం మినియాపోలిస్